ఎయిర్‌పోర్టులో చిరుత.. మిర్చి తోటలో ఏనుగు: ఇవి నిజంగానే దారి తప్పి వచ్చాయా?

పొద్దున్నే ఫోన్ తీస్తే చాలు.. వాట్సాప్ గ్రూపులో ఏదో ఒక వీడియో రెడీగా ఉంటుంది. కాంపౌండ్ వాల్ మీద చిరుత, పత్తి చేలో పెద్దపులి, కాలనీ రోడ్డు మీద మొసలి. కింద క్యాప్షన్ మాత్రం దాదాపు ఒకటే.. 'దారి తప్పి జనావాసాల్లోకి వచ్చిన వన్యప్రాణి'. ఆ వెంటనే ప్రశ్నల వర్షం. అసలు ఇక్కడికి ఎలా వచ్చింది? అడవి ఎక్కడ, మా ఊరెక్కడ? ఫారెస్ట్ వాళ్లు ఏం చేస్తున్నారు?

నిజానికి ఇలా కనిపించిన వాటిలో చాలా జంతువులు దారి తప్పినవి కావు. కొన్ని మన పక్కనే ఏళ్ల తరబడి ఉంటున్నాయి, మనకు కనిపించింది మాత్రం ఆ ఒక్క రోజు. కొన్ని వందల కిలోమీటర్ల ప్రయాణంలో మధ్యలో మన ఊరు దాటుతున్నాయి. ఈ తేడా తెలుసుకోవడం ఎందుకంత ముఖ్యమంటే.. జంతువు కనిపించిన మొదటి గంటలో మనం చేసే పనిని బట్టే ఎవరి ప్రాణం నిలుస్తుందో, ఎవరి ప్రాణం పోతుందో తేలిపోతోంది.

కాటేదాన్ రోడ్డు మీద ఆ రోజు ఏం జరిగిందంటే..

2020 మే 14. లాక్‌డౌన్ టైమ్. హైదరాబాద్ శివార్లలో కాటేదాన్ అండర్‌పాస్ దగ్గర పట్టపగలు రోడ్డు మీద ఓ చిరుత పడుకుని ఉంది. లారీలు ఆగాయి. జనం పోగయ్యారు. ఇంకేముంది, ఫోన్లు బయటికొచ్చాయి. గాయపడిందని కొందరు, చచ్చిపోయిందని ఇంకొందరు. దగ్గరికెళ్లి మరీ ఫొటోలు తీశారు.

ఆ తర్వాతి సీసీటీవీ ఫుటేజీ దేశమంతా చూసింది. చిరుత లేచి పరుగెత్తింది. ఇద్దరు వ్యక్తులు ప్రాణభయంతో పారిపోయారు. ఒకతను లారీ ఎక్కబోతుంటే కాలు పట్టుకుంది. ఎలాగో విడిపించుకున్నాడు. ఈలోగా వీధికుక్కలు చుట్టుముట్టాయి. చిరుత వాటిని అదిలిస్తూ కాసేపు అక్కడే ఉండి, చివరకు పక్కనున్న చెట్లూ పొదల ప్రాంతంలోకి దూరి మాయమైపోయింది. డ్రోన్లు వాడారు, ట్రాప్ కెమెరాలు పెట్టారు, జాగిలాలను దింపారు. ఆ రోజు దొరకలేదు. నెలల తర్వాత, అదే ఏడాది అక్టోబర్‌లో రాజేంద్రనగర్ ప్రాంతంలో పెట్టిన బోనులో ఓ చిరుత పడింది.

ఒక్కసారి ఆలోచించండి. మే నుంచి అక్టోబర్ వరకు. కోటి జనాభా ఉన్న నగరం అంచున, కాలేజీలు, ఫామ్‌హౌస్‌లు, పశువుల పాకల మధ్య ఇన్ని నెలలు చిరుతలు తిరుగుతూనే ఉన్నాయి. అప్పుడప్పుడూ దూడలు మాయమవడం తప్ప చాలామందికి ఆ సంగతే తెలియదు. దారి తప్పిన జంతువు ఇలా ఉంటుందా? దానికి అక్కడ దారులన్నీ తెలుసన్నమాట.

ఎయిర్‌పోర్టు అలారం మోగించింది ఎవరు?

2024 ఏప్రిల్ 28 తెల్లవారుజామున శంషాబాద్ ఎయిర్‌పోర్టు కంట్రోల్ రూమ్‌లో అలారం మోగింది. గొల్లపల్లి వైపు ప్రహరీ దూకే సమయంలో ఫెన్సింగ్ తీగకు ఏదో తగిలింది. సీసీ కెమెరాలు చూస్తే చిరుత! అటవీ సిబ్బంది బోన్లు పెట్టారు, మేకను ఎరగా కట్టారు, ట్రాప్ కెమెరాలు బిగించారు. చిరుత వచ్చేది, చూసేది, వెళ్లిపోయేది. ఐదు రోజుల తర్వాత గానీ బోనులో చిక్కలేదు. జూ పార్కుకు తీసుకెళ్లి పరీక్షలు చేసి, ఆపై నల్లమలలో వదిలారు.

అంతర్జాతీయ విమానాశ్రయంలో చిరుత ఏంటి అనిపిస్తుంది కదూ. దాని వైపు నుంచి చూడండి ఓసారి. సుమారు 5,500 ఎకరాల స్థలం. చుట్టూ గోడ. లోపల గడ్డి, పొదలు, వాన నీరు నిలిచే పల్లాలు. రన్‌వే, టెర్మినల్ తప్ప మిగతా చోట మనుషుల అలికిడి తక్కువ. కుక్కలుంటాయి, అడవి పందులుంటాయి. వేటగాళ్లు రారు, ఉచ్చులుండవు. చిరుత లెక్కలో ఇది అడవి కంటే మెరుగైన అడ్డా. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ క్యాంపస్‌లోనూ ఇదే కథ. వేల ఎకరాల పరిశోధనా క్షేత్రం, నీళ్లు, నెమళ్లు, పందులు. 2025 ఏప్రిల్‌లో అక్కడ కూడా ఓ చిరుతను పట్టుకున్నారు. నగరం పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న గుట్టలు, చెరువు గట్లు, పోరంబోకు భూములు వెంచర్లుగా మారిపోతున్నాయి. గోడ కట్టి కాపాడిన పెద్ద పెద్ద క్యాంపస్‌లే చివరికి పచ్చగా మిగులుతున్నాయి. చిరుతలు అక్కడ తేలడంలో వింతేముంది?

దేశంలో చిరుతల సంఖ్య 2022 అంచనా ప్రకారం 13,874. అందులో ఆంధ్రప్రదేశ్‌లో 569, తెలంగాణలో 297. ఇది ప్రధానంగా పులులుండే రాష్ట్రాల్లోని అడవుల్లో కెమెరాలు పెట్టి వేసిన అంచనా. పొలాల్లో, చెరకు తోటల్లో, ఊళ్ల పక్కనున్న గుట్టల మీద తిరిగేవి ఇందులో పూర్తిగా లెక్కకు రావు.

పెద్దపులికి అలా కుదరదు. దానికి పెద్ద అడవి, పెద్ద జింకలు, మనుబోతులు కావాలి. చిరుత సంగతి వేరు. ఎలుక నుంచి దూడ దాకా ఏదైనా సరే. కుక్క, మేక, పంది.. ఏది దొరికితే అది. పగలంతా ఓ పొదలో కదలకుండా పడుకుని, చీకటి పడ్డాక బయల్దేరుతుంది. ఊరి చివర చికెన్ షాపు వ్యర్థాలు గుట్టగా పోస్తే కుక్కలు చేరతాయి. కుక్కల కోసం చిరుత వస్తుంది. అంటే చెత్తకుండీ దగ్గర మొదలైన గొలుసు మన గుమ్మం దాకా వస్తోందన్నమాట. ముంబై మధ్యలో ఉన్న సంజయ్ గాంధీ నేషనల్ పార్కు విస్తీర్ణం నూరు చదరపు కిలోమీటర్ల పైచిలుకే. అయినా అక్కడ పదుల సంఖ్యలో చిరుతలు బతుకుతున్నాయంటే పార్కు అంచుల్లోని వీధికుక్కలే పెద్ద కారణం.

బావిలో పడ్డ 'ఆజోబా'.. చివరికి ఎక్కడికి చేరాడు?

ఈ విషయంలో ఓ చిరుత కథ తప్పకుండా తెలుసుకోవాలి. 2009లో మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ జిల్లా టాక్లీ ఢోకేశ్వర్ దగ్గర ఓ వయసు మీరిన మగ చిరుత బావిలో పడింది. బయటికి తీశారు. పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం దానికి జీపీఎస్ కాలర్ తొడిగి మాల్షేజ్ ఘాట్‌లో వదిలింది. పేరు ఆజోబా.. అంటే మరాఠీలో తాతయ్య.

తాతయ్య అక్కడ ఉండలేదు. నడక మొదలుపెట్టాడు. పొలాలు, ఊళ్లు, హైవే, రైలు పట్టాలు దాటుకుంటూ.. వసాయి క్రీక్ ఈది మరీ.. దాదాపు 120 కిలోమీటర్లు ప్రయాణించి ముంబైలోని నేషనల్ పార్కు చేరుకున్నాడు. దారిలో ఒక్క మనిషిని కూడా గాయపరచలేదు. 2011లో హైవే మీద వాహనం ఢీకొని చనిపోయాడు. ఆ తర్వాత ఆ పేరుతోనే మరాఠీలో సినిమా కూడా వచ్చింది.

మెడలో కాలర్ లేకపోయి ఉంటే ఈ ప్రయాణం ఎవరికి తెలిసేది? దారిలో ఏ ఊళ్లోనైనా ఓ ఫోన్ కెమెరాకు చిక్కి ఉంటే 'దారి తప్పిన చిరుత' అని ఓ వీడియో వైరల్ అయ్యేది, అంతే.

పెద్దపులుల్లో ఈ నడక ఇంకా ఎక్కువ. మగ పులి పిల్ల రెండేళ్లు దాటేసరికి తల్లిని వదిలి సొంత ఇలాకా వెతుక్కోవాలి. ఉన్నచోట పెద్ద మగ పులులు ఉంటే తరిమేస్తాయి. మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలోని తిప్పేశ్వర్ అభయారణ్యంలో పుట్టిన సీ1 అనే పులికి 2019 ఫిబ్రవరిలో కాలర్ తొడిగారు. జూన్‌లో బయల్దేరింది. మన ఆదిలాబాద్ వైపు కూడా వచ్చి వెళ్లింది. తొమ్మిది నెలల్లో దాదాపు 3,000 కిలోమీటర్లు తిరిగి బుల్దానా జిల్లాలోని జ్ఞానగంగా అభయారణ్యంలో ఆగింది. పగలు దాక్కోవడం, రాత్రి నడవడం. దీన్ని వార్తలన్నీ 'వాకర్' అని పిలిచాయి. జోడు కోసమో, జాగా కోసమో అంత దూరం నడిచిందని అధికారులు చెప్పారు.

2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలాన్ని వణికించిన పులి గుర్తుందా? దాదాపు నెల రోజులు గేదెల మీద పడింది. బోన్లు పెట్టినా చిక్కలేదు. తర్వాత మెల్లగా అనకాపల్లి జిల్లా వైపు వెళ్లిపోయింది. కాకినాడ పక్కన పులేంటని అప్పట్లో అందరూ ఆశ్చర్యపోయారు. మ్యాప్ తీసి చూస్తే తెలుస్తుంది. ప్రత్తిపాడు వెనకాలే తూర్పు కనుమలు. ఆ కొండల వరస అటు పాపికొండల దాకా, ఇటు ఒడిశా దాకా సాగిపోతుంది. పులి నడిచింది ఆ అంచు వెంబడే.

'పట్టుకెళ్లి అడవిలో వదిలేయొచ్చు కదా?'

ఇలాంటి వీడియో ఏది వచ్చినా కామెంట్లలో ఎక్కువగా కనిపించే మాట ఇదే. వినడానికి సింపుల్‌గా ఉంది. కానీ మహారాష్ట్రలోని జున్నర్ అనుభవం చూడండి. చెరకు తోటలతో నిండిన ప్రాంతం అది. చిరుతలు చెరకులోనే పిల్లల్ని పెట్టి పెంచేవి. 1993 నుంచి 2001 మధ్య అక్కడ మనుషుల మీద దాడులు సగటున ఏడాదికి 4. ఊళ్ల పక్క చిరుతలు ఎందుకని పెద్ద ఎత్తున పట్టి దూరంగా అడవుల్లో వదలడం మొదలుపెట్టారు. 2001-2003 మధ్య సగటు 17కు పెరిగింది! ఈ లెక్కలు విద్యా ఆత్రేయ, ఆమె సహచరుల పరిశోధనలో బయటపడ్డాయి.

ఎందుకలా? చిరుతను దాని ఇలాకా నుంచి లాగేస్తే ఆ ఖాళీలోకి మరో చిరుత వస్తుంది, చాలాసార్లు అనుభవం లేని కుర్ర చిరుత. తీసుకెళ్లి వదిలిన చోట అప్పటికే వేరే చిరుతలుంటాయి. కొత్త చోటు, బోనులో కొట్టుకుని విరిగిన పళ్లు, జనం గోల వల్ల కలిగిన ఒత్తిడి.. ఇవన్నీ కలిసి అంతకు ముందు మనిషి జోలికి రాని జంతువును ప్రమాదకరంగా మార్చేస్తాయి. ఆజోబా లాగా తిరిగి బయల్దేరేవీ ఉంటాయి. అందుకే చట్టం కూడా ఈ విషయంలో గట్టిగా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చిరుత, పులి, ఏనుగు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటిని పట్టుకోవాలన్నా, మత్తు ఇవ్వాలన్నా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు.

అంటే ఊరుకోవాలనా? అలా ఎవరూ అనరు. మనిషి మీద దాడి చేసినా, బయటికి దారిలేని చోట ఇరుక్కున్నా పట్టుకోవాల్సిందే. ఊరి పక్క గుట్ట మీద కనిపించిన ప్రతి చిరుతకూ బోను పెట్టమనడమే తిరిగి మన మెడకు చుట్టుకుంటుంది.

ప్రాణహిత దాటొచ్చిన ఏనుగు

చిరుతలకైతే మనం కాస్తో కూస్తో అలవాటు పడ్డాం. అసలు ఊహించని జంతువు వస్తే? 2024 ఏప్రిల్‌లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో అదే జరిగింది. మహారాష్ట్ర గడ్చిరోలి అడవుల నుంచి ఓ ఒంటరి ఏనుగు ప్రాణహిత నది దాటి తెలంగాణలోకి వచ్చింది. ఏప్రిల్ 3న చింతలమానెపల్లి మండలం బూరెపల్లిలో మిర్చి తోటలో ఉన్న రైతును చంపేసింది. మరుసటి రోజు తెల్లవారుజామున పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో మరో రైతు. ఒక రోజు గడవకముందే ఇద్దరు. తర్వాత తిరిగి మహారాష్ట్ర వైపు వెళ్లిపోయింది.

ఆ ప్రాంతంలో జనానికి పులి భయం కొత్త కాదు. 2020 నవంబర్‌లో అదే జిల్లాలో పులి దాడుల్లో ఇద్దరు చనిపోయారు కూడా. పులి తిరిగే చోట ఒంటరిగా చేనుకు వెళ్లకూడదని, పత్తి తీసేటప్పుడు గుంపుగా ఉండాలని, చప్పుడు చేస్తూ నడవాలని అక్కడ చాలామందికి తెలుసు. ఏనుగు మాత్రం గుడి దగ్గరో, సర్కస్‌లోనో చూసిందే. అడవి ఏనుగు ఎంత దూరం నుంచి మనిషి వాసన పసిగడుతుందో, ఎంత వేగంగా పరుగెత్తుతుందో, ఒంటరి మగ ఏనుగు గుంపు కంటే ఎంత ప్రమాదమో చెప్పేవాళ్లు ఊళ్లో లేరు. ముందు రోజు బూరెపల్లిలో జరిగిన దాని గురించి హెచ్చరికలు మొదలయ్యేలోపే ఏనుగు రాత్రికి రాత్రి మరో మండలంలో ఉంది.

ఇంతకీ అది ఎక్కడి నుంచి వచ్చినట్టు? గడ్చిరోలిలో కూడా ఏనుగులు పాత కాపులేం కాదు. ఒడిశా నుంచి ఛత్తీస్‌గఢ్ మీదుగా కదిలిన గుంపు 2021లో గడ్చిరోలి చేరింది. గనులు, రోడ్లు, చెదిరిపోయిన అడవులు.. అక్కడ మేత, నీరు తగ్గేకొద్దీ ఏనుగులు తరాలుగా లేని ప్రాంతాలకు విస్తరిస్తున్నాయి. ఆ గుంపు నుంచి విడిపోయిందే ఆసిఫాబాద్ వచ్చిందని అధికారులు చెప్పారు. ఒడిశాలో మొదలైన కదలిక మూడు రాష్ట్రాలు దాటి మిర్చి తోటలో ఓ రైతు కుటుంబాన్ని రోడ్డున పడేసింది.

చిత్తూరు జిల్లా వాళ్లకు ఇది పాత కథే. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు రెండు శతాబ్దాల పాటు అడవి ఏనుగులే లేవు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి కుప్పం, పలమనేరు అడవుల్లోకి గుంపులు వచ్చాయి. ఏదో దారి తప్పి వచ్చాయి, పోతాయిలే అనుకున్నారు. పోలేదు. 1990లో వాటి కోసమే కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేయాల్సి వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత కూడా అక్కడి రైతులు రాత్రిళ్లు టమాటా, చెరకు, అరటి తోటలకు కాపలా కాస్తున్నారు. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం 4 కుంకీ ఏనుగులను ఏపీకి అప్పగించింది, అడవి ఏనుగులను తిరిగి అడవిలోకి మళ్లించడానికి.

ఉత్తరాంధ్రలోనూ అంతే. ఒడిశా నుంచి వచ్చిన గుంపు 2018 నుంచి పార్వతీపురం మన్యం ప్రాంతంలోనే తిరుగుతోంది. 2023 మేలో భామిని మండలంలో 4 ఏనుగులు కరెంట్ షాక్‌తో ఒకేసారి చనిపోయాయి. ఇటు మనుషులూ పోతున్నారు, అటు ఏనుగులూ పోతున్నాయి. నా దృష్టిలో ఇక్కడ పెద్ద సమస్య పేరుతోనే మొదలైంది. 'అనుకోని అతిథి' అని పిలిచినంత కాలం ఎవరూ పక్కా ఏర్పాట్లు చేయరు. వచ్చింది పోదని ఒప్పుకున్న రోజే కందకాలు, ట్రాకర్లు, నష్టపరిహారం గురించి సీరియస్‌గా మాట్లాడటం మొదలవుతుంది.

మెట్ల మార్గంలో ఎవరు ఎవరి దారిలో ఉన్నారు?

తిరుమల సంగతి ఎత్తకుండా ఈ కథ పూర్తి కాదు. 2023 జూన్‌లో అలిపిరి నడక మార్గంలో ఓ చిన్నారిని చిరుత నోట కరుచుకుని వెళ్లింది. జనం కేకలు వేస్తూ వెంటపడటంతో వదిలేసింది, బాబు బతికాడు. అదే ఏడాది ఆగస్టు 11 రాత్రి ఆరేళ్ల పాప దాడికి గురై ప్రాణాలు కోల్పోయింది. ఆ తర్వాత వరుసగా బోన్లు పెట్టి చిరుతలను పట్టుకున్నారు. 12 ఏళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం 2 తర్వాత నడక మార్గంలోకి అనుమతించకూడదని టీటీడీ నిర్ణయించింది. భక్తులకు చేతికర్రలు కూడా ఇచ్చారు. అప్పట్లో కర్రల మీద సోషల్ మీడియాలో బోలెడు మీమ్స్ వచ్చాయి. కానీ మనిషి నిటారుగా, గుంపుగా, చేతిలో ఏదో పట్టుకుని కనిపిస్తే చిరుత వెనకడుగు వేసే అవకాశం ఎక్కువే.

శేషాచలం అడవి చిరుతల సొంత ఇల్లు. రాత్రి వేళ ఆ అడవి మధ్యలోంచి నడిచేది మనం. దారి పొడవునా పడేసిన తినుబండారాల కోసం కుక్కలు, పందులు, జింకలు మెట్ల దగ్గరికి వస్తాయి. వాటి వెనకాల చిరుత. పెద్దవాళ్లకంటే కాస్త ముందు ఒంటరిగా పరుగెత్తే పిల్లలు చిరుత కంటికి చిన్న జంతువుల్లాగే కనిపిస్తారు. ఈ విషయం కాస్త కఠినంగా అనిపించినా, పిల్లలతో కొండెక్కే ప్రతి కుటుంబానికీ ఇదే అన్నిటికంటే అవసరమైన సమాచారం.

మొసళ్ల విషయం చెప్పుకోవాలంటే గుజరాత్‌లోని వడోదర చాలు. ఊరి మధ్యలోంచి పారే విశ్వామిత్రి నదిలో వందల మొసళ్లున్నాయి. 2024 ఆగస్టు వరదల్లో నది పొంగి కాలనీల్లోకి వచ్చింది, నీళ్లతో పాటే మొసళ్లూ వచ్చాయి. మూడు రోజుల్లో 24 మొసళ్లను పట్టుకున్నారు. మొసలి ఉన్నచోటే ఉంది, నదే పక్కకు జరిగింది.

ఆ వీడియోలో ఉన్నది అసలు చిరుతేనా?

2024 అక్టోబర్‌లో మియాపూర్ మెట్రో స్టేషన్ వెనక చిరుత తిరుగుతోందంటూ ఓ వీడియో హల్‌చల్ చేసింది. కాలనీల్లో జనం తలుపులు వేసుకున్నారు. అటవీ అధికారులు వచ్చి గాలించి, పాదముద్రలు చూసి.. అది చిరుత కాదు, అడవి పిల్లి అని తేల్చారు. దూరం నుంచి, జూమ్ చేసి, పక్కన కొలత తెలిసే వస్తువేదీ లేకుండా తీసిన వీడియోలో పిల్లి కూడా పులిలాగే కనిపిస్తుంది.

గుర్తుపట్టడానికి కొన్ని తేలిక పద్ధతులున్నాయి. అడవి పిల్లికి ఒంటి మీద మచ్చలుండవు, కాళ్లు పొడవు, తోక పొట్టి. చిరుతకు ఒంటి నిండా గుత్తులు గుత్తులుగా నల్లమచ్చలు, తోక దాదాపు శరీరమంత పొడవు. పునుగుపిల్లికీ మచ్చలుంటాయి గానీ మూతి కోసుగా, కాళ్లు పొట్టిగా ఉంటాయి. తడి మట్టిలో అడుగు పడితే గోళ్ల గుర్తులు చూడండి. కుక్క, హైనా అడుగుల్లో గోళ్లు కనిపిస్తాయి. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి మామూలుగా కనిపించవు. ఆ అడుగును ఫొటో తీసేటప్పుడు పక్కన ఓ అగ్గిపెట్టెనో, పెన్నునో పెట్టండి. అధికారులకు సైజు తెలుస్తుంది.

ఇక పాత వీడియోకు కొత్త ఊరి పేరు తగిలించడం మామూలైపోయింది. 2020 లాక్‌డౌన్‌లో 'వెనిస్ కాలువల్లోకి డాల్ఫిన్లు తిరిగొచ్చాయి' అన్న వీడియో ప్రపంచమంతా చక్కర్లు కొట్టింది. తీరా చూస్తే అది ఇటలీలోనే సార్డినియా దీవిలోని కాల్యరీ పోర్టులో తీసింది. ఇప్పుడు ఏఐ వచ్చాక వీధిలో చిరుత బొమ్మ తయారు చేయడం నిమిషాల పని. అలాంటి ఒక్క ఫేక్ వీడియోతో అటవీ సిబ్బంది రాత్రంతా ఓ కాలనీలో తిరుగుతుంటే, అసలు జంతువు ఉన్న ఊరికి వెళ్లడానికి మనుషులుండరు.

కనిపిస్తే ఏం చేయాలి?

ముందు చేయకూడనిది. గుమిగూడొద్దు. 2016 ఫిబ్రవరిలో బెంగళూరులో ఓ ప్రైవేటు స్కూల్‌లోకి చిరుత దూరింది. దాన్ని పట్టుకునే క్రమంలో వన్యప్రాణి శాస్త్రవేత్త సంజయ్ గుబ్బి మీద స్విమ్మింగ్ పూల్ పక్కన దాడి చేసింది. ఏళ్ల తరబడి చిరుతల మీద పనిచేసిన మనిషికే ఆ పరిస్థితి ఎదురైంది. మత్తు బాణం తగలగానే సినిమాల్లోలా జంతువు కూలిపోదు. మందు ఎక్కడానికి నిమిషాల సమయం పడుతుంది, ఆ నిమిషాల్లో అది భయంతో ఎటైనా పరుగెత్తుతుంది. చుట్టూ వెయ్యి మంది ఉంటే ఎటు పరుగెత్తినా మనిషే తగులుతాడు. అదే ఏడాది నవంబర్‌లో గురుగ్రామ్ దగ్గర మండావర్ గ్రామంలో చిరుత పలువురిని గాయపరిచింది. చివరకు జనం దాన్ని కొట్టి చంపేశారు. మనుషులు, చిరుత.. రెండు వైపులా నష్టమే.

చిరుత ఎదురుపడితే పరుగెత్తొద్దు, వంగొద్దు, కూర్చోవద్దు. పిల్లలుంటే ఎత్తుకోండి. దాని వైపే చూస్తూ, గట్టిగా మాట్లాడుతూ, నెమ్మదిగా వెనక్కి నడవండి. అది వెళ్లే దారికి అడ్డం రావద్దు. ఇంట్లోనో షెడ్డులోనో దూరితే బయట నుంచి గడియ పెట్టి దూరంగా వెళ్లండి. ఏనుగు విషయంలో ఈ ధైర్యం పనికిరాదు. ఎంత దూరం ఉంటే అంత మంచిది. టార్చ్ కొట్టడం, రాళ్లు వేయడం, సెల్ఫీలకు ప్రయత్నించడం ప్రాణాల మీదికి తెస్తాయి. చుట్టుపక్కల ఏనుగు ఉందని తెలిస్తే తెల్లవారుజామున పొలానికి వెళ్లడం ఒకట్రెండు రోజులు మానుకోండి. బూరెపల్లి తర్వాత కొండపల్లిలో ప్రాణం పోయింది ఆ వేళలోనే.

వెంటనే 112కు గానీ దగ్గర్లోని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు గానీ ఫోన్ చేయండి. వీడియో తీయగలిగితే సురక్షితమైన చోటు నుంచి, ఇంటి కిటికీలోంచో మేడ మీద నుంచో తీయండి. టైమ్, స్థలం, అది ఎటు వెళ్లిందో చెప్పండి. ముందు ఫారెస్ట్ వాళ్లకు పంపండి. లొకేషన్‌తో సహా గ్రూపుల్లో పెడితే అరగంటలో అక్కడ బైకుల మీద జనం దిగిపోతారు. సిబ్బంది చేరుకునేసరికి జంతువును పట్టుకోవడం పక్కనపెట్టి జనాన్ని ఆపడమే వాళ్ల మొదటి పని అవుతుంది.